క్రూజ్ లైటు వెలుగుతోంది, సెట్ మాత్రం పట్టడం లేదా? ముందు పెడల్ స్విచ్‌లు చూడండి

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది మాన్యువల్ గేరు బండి. క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే బండిని ఒకే వేగంలో నడిపే ఏర్పాటు) బటన్ నొక్కితే మీటరులో లైటు వస్తోంది, ఆ వేగాన్ని నిలిపే సెట్ మాత్రం ఒక్కోసారి పట్టడం లేదు. పట్టినా రావులపాలెం నుంచి తణుకు చేరేలోపు తనంతట తానే వదిలేస్తోంది. షెడ్డులో స్టీరింగ్ స్విచ్‌ల సెట్టు మొత్తం మార్చాలంటున్నారు. అప్పుడే మార్చేయకండి.

లైటు వస్తోందంటే మీరు నొక్కిన సంగతి ఇంజిన్ కంప్యూటర్‌కి తెలుస్తున్నట్టే. చాలా కేసుల్లో క్రూజ్ చెడిపోయి ఉండదండి, కంప్యూటరే ఒప్పుకోదు. బ్రేకు, క్లచ్, చక్రాల వేగం, వీటిలో ఏ ఒక్కదాని మీద అనుమానం వచ్చినా వదిలేయమనే దానికి నేర్పారు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతున్నా చాలా బండ్లలో క్రూజ్ పట్టదు. స్పీడు కూడా చూసుకోండి, గంటకు సుమారు 40 కి.మీ. దాటితేగానీ చాలావాటిలో సెట్ అవ్వదు.

మొదటి అనుమానం బ్రేక్ స్విచ్ మీదే. డ్రైవర్ వైపు డాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే పెడల్ కడ్డీకి పైన కనిపిస్తుంది. సాధారణంగా నాలుగు వైర్లు, లోపల రెండు కాంటాక్టులు. ఒకటి వెనక లైట్లకు, రెండోది క్రూజ్‌కి. రెండూ ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తాయి: కాలు తీసినప్పుడు లైట్లది తెరుచుకుని, క్రూజ్‌ది మూసుకుని ఉండాలి. ‘వెనక లైట్లు బాగానే వెలుగుతున్నాయిగా, స్విచ్ బాగున్నట్టే’ అని మెకానిక్‌లు కొట్టిపారేసేది ఇక్కడే. ఆ మాట సగం స్విచ్‌కే వర్తిస్తుంది.

ఇగ్నిషన్ ఆపి, కప్లర్ (స్విచ్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు) లాగి, మల్టీమీటర్‌ని బీప్ మీద (కరెంటు దారి కలిసి ఉంటే మోగే సెట్టింగు) పెట్టండి. పెడల్ వదిలి ఉంచినప్పుడు ఒక జతలో బీప్ రావాలి, నొక్కగానే ఆగిపోవాలి. రెండో జత దీనికి తారుమారు. పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కుతూ వినండి. రెండూ చాలాసేపు కలిసి మోగినా, స్విచ్‌ని కాస్త కదిలిస్తే బీప్ తెగిపోయినా స్విచ్ మార్చాల్సిందే. హాల్ సెన్సర్ రకమైతే (కాంటాక్టులు లేకుండా అయస్కాంతంతో పనిచేసేది) ఈ పరీక్ష కుదరదు, స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) చూడాలి.

స్విచ్ బాగానే ఉంటే గ్యాప్ చూడండి. స్విచ్ మర కొసకీ పెడల్ మీది స్టాపర్‌కీ మధ్య చాలా బండ్లలో 1 నుంచి 2 మి.మీ. ఉంటుంది, మీ మోడల్ లెక్క సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతుంది. స్విచ్ మరీ వెనక్కి ఉంటే కాల్వ వంతెనల దగ్గర బండి ఎగిరిన ప్రతిసారీ పెడల్ అదిరి క్రూజ్ ఊడిపోతుంది. మీ బండి వదిలేస్తున్నది సరిగ్గా అలాంటి చోట్లేనేమో గమనించండి.

ఇంకొకటి. స్విచ్ పిన్నుని నొక్కి ఉంచే చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు బిళ్ల మన ఎండలకి పెళుసెక్కి విరిగిపోతుంది. అప్పుడు పిన్ను ఆ బిళ్ల ఊడిన బెజ్జంలోకి దూరి, వెనక లైట్లు ఆరకుండా వెలుగుతాయి, క్రూజ్ అసలు పట్టదు, తెల్లారేసరికి బ్యాటరీ కూడా దిగిపోవచ్చు. మ్యాట్ మీద పెంకుల్లాంటి ముక్కలు కనిపిస్తే ఇదే సంగతి. ఆ బిళ్ల ఒక్కటీ కొని వేస్తే సరిపోతుంది. వెనక బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టించి ఉంటే పాతవి తిరిగి వేసి చూడండి, కొన్ని మోడళ్లలో ఆ మార్పుకే క్రూజ్ మొరాయిస్తుంది.

క్లచ్ దగ్గర చాలా బండ్లకు రెండు స్విచ్‌లుంటాయి. కింద వరకు నొక్కితే పనిచేసేది స్టార్టింగ్‌కి, పైనున్నది క్రూజ్‌కి. కాబట్టి బండి స్టార్ట్ అవుతోందని క్లచ్ స్విచ్‌ని వదిలేయకండి. ఎడమకాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఆనించి నడిపే అలవాటుంటే మాత్రం తప్పు బండిది కాదు.

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు కూడా వెలుగుతుంటే దారి మారుతుంది. చక్రాల సెన్సర్ల దగ్గర గట్టు రోడ్ల బురద పేరుకుంటుంది, వైర్లను ఎలుకలు కొరుకుతాయి. ఈమధ్య చక్రం బేరింగ్ మార్పించారా? అయస్కాంత రింగు ఉన్న బేరింగ్‌ని తిరగేసి కొట్టేస్తే బండి హాయిగా నడుస్తుంది, సెన్సర్‌కి మాత్రం ఏమీ తెలియదు. స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలూ పక్కపక్కనే పెట్టి మెల్లగా నడిపితే ఒకటి సున్నా చూపిస్తుంది. సెకండ్‌హ్యాండ్ బండి అయితే కార్పెట్ ఎత్తి కప్లర్లలో పచ్చటి చిలుము ఉందేమో చూడండి, 2022 జూలై గోదావరి వరద నీళ్లలో నానిన బండి కావచ్చు.

స్కానర్‌లో లోపం కోడ్ పి0571 గానీ పి0504 గానీ వస్తే తేడా బ్రేక్ స్విచ్‌లో, పి0704 అయితే క్లచ్ స్విచ్‌లో, పి0500 అయితే వేగం సిగ్నల్‌లో. పి0564 క్రూజ్ బటన్ల కోడ్. పి0564 వచ్చినా, హారన్ మోగకపోయినా, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగినా అప్పుడు స్టీరింగ్ వైపు వెళ్లండి. స్విచ్‌ల కంటే ముందు లోపలి క్లాక్ స్ప్రింగ్‌ని (తిరిగే స్టీరింగ్‌కి కరెంటు అందించే చుట్టిన రిబ్బన్ వైరు) చూడమనండి. అది ఎయిర్‌బ్యాగ్ ఊడదీసే పని. బ్యాటరీ నెగెటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, తెలిసినవాళ్లే చేయాలి.

బాగయ్యాక పరీక్షకి ఏటిగట్టు రోడ్డెక్కకండి, మాసూళ్ల రోజుల్లో సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది. ఖాళీగా ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద 60లో సెట్ చేసి బ్రేకుని వేళ్లతో తాకినట్టు నొక్కండి, వెంటనే వదలాలి. మళ్లీ సెట్ చేసి క్లచ్‌తో చూడండి. రెండింట్లో ఏది వదలకపోయినా క్రూజ్ మెయిన్ బటన్ ఆపేసి నేరుగా షెడ్డుకే తీసుకెళ్లండి.