ఐలాష్ ఊలు స్కార్ఫ్‌లో కుట్లు పెరిగిపోతుంటే

నమస్కారమండీ. బెంగళూరు చిక్‌పేటలో కొన్న ఐలాష్ ఊలుతో (కనురెప్పల వెంట్రుకల్లా పోగులు వేలాడే ఊలు) 20 కుట్లు వేసి మొదలుపెట్టిన స్కార్ఫ్ జానెడు అల్లేసరికి 27 కుట్లయిందనీ, ఊడదీద్దామంటే దారం చిక్కుపడుతోందనీ రాశారు. లోపం మీ చేతిది కాదు. ఆ ఊలులో నడిమి దారం చాలా సన్ననిది. దాని పొడవునా వేలాడే పాలియెస్టర్ పోగులు కుట్లను కప్పేయడం వల్ల, సూది ఒకే కుట్టును చీల్చి రెండు చేసినా మనకు తెలియదు.

నేను గట్టిగా నమ్మే ఉపాయం ఒకటుంది. అదే రంగు మామూలు అక్రిలిక్ ఊలును జతచేసి, రెండింటినీ ఒకే దారంగా పట్టుకుని, 8 నుంచి 10 మిల్లీమీటర్ల సూదులతో వదులుగా అల్లండి. అప్పుడు కుట్టు కంటికి ఆనకపోయినా వేలికి తగులుతుంది. ఈ ఊలులో ఏ డిజైనూ కనబడదు కనుక, అంచులు ముడుచుకోని గార్టర్ అల్లికే (ప్రతి వరుసలోనూ నిట్ కుట్టే వేసే అల్లిక) మేలు. వరుస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండుగా కనిపిస్తుంది, కాబట్టి దారాన్ని సూది కిందుగానే ఉంచండి.

ప్రతి వరుస చివరా లెక్కపెట్టండి. ఒకటి పెరిగితే ఊడదీయకుండా, తర్వాతి వరుసలో రెండు కుట్లు కలిపి అల్లేయండి. ఆ కుచ్చుల కింద అది ఎవరికీ కనబడదు. ఇప్పుడున్న 7 అదనపు కుట్లనూ వరుసకొకటి చొప్పున ఇలాగే తగ్గించుకోవచ్చు. బెంగళూరు డిసెంబరు ఉదయాలకు అయిదడుగుల పొడవు చాలు. పూర్తయ్యాక లోపల చిక్కుకున్న పోగులను దువ్వెనతో మెల్లగా పైకి తీయండి, ఇస్త్రీపెట్టె మాత్రం తగలనివ్వకండి, పాలియెస్టర్ కరిగిపోతుంది.