సమాధానం: నా కోరికా, దేవుని చిత్తమా?

వందనాలు బ్రదర్. గాజువాకలో అమ్మానాన్నల దగ్గరే ఉండేలా స్టీల్ ప్లాంట్ ఉద్యోగం కోసం ప్రార్థిస్తున్నారు, హైదరాబాద్ ఆఫర్‌కేమో శుక్రవారంలోగా జవాబివ్వాలి. ఇలా అడగడం స్వార్థమా అని మీ టెన్షన్. కాదండీ. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు కూడా ముందు తన మనసులోది దాచకుండా అడిగారు, ఆ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని. ఆ తర్వాతే "నా యిష్టము కాదు నీ చిత్తమే" అన్నారు. మత్తయి 26 చూడండి, మూడుసార్లు ప్రార్థించారు. కాబట్టి ఒక్కరోజులో మీ మనసు ఒప్పుకోలేదని కుంగిపోవద్దు. అపొస్తలుడైన పౌలు కూడా తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధిస్తున్న బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, చాలినంత కృప దొరికింది. కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడిన వాక్యమే జవాబనుకోవడం మాత్రం మానేయండి. ఈ రాత్రి రెండు ఉద్యోగాలూ పేరుపేరునా చెప్పి, "ఏదిచ్చినా వెళ్తాను ప్రభువా" అనగలరేమో చూడండి. అనలేకపోతే అదే ఆయనకు చెప్పండి. గురువారంలోపు మీ పాస్టర్‌గారితో, అమ్మగారితో కూర్చుని మాట్లాడండి.