రస్ట్ నుంచి సీ ప్రింట్‌ఎఫ్‌కి ఎఫ్32 ఎందుకు పంపలేం?

సీ భాషలో అక్షరాలు, అంకెలు ముద్రించే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌ని రస్ట్ భాష నుంచి పిలిచేటప్పుడు ఎఫ్32ని (32 బిట్ల దశాంశ సంఖ్య) నేరుగా పంపడం కుదరదు, ఎఫ్64గా (64 బిట్లది) మార్చి పంపాలి. ఇలా ఎన్ని విలువలైనా తీసుకునే వేరియాడిక్ ఫంక్షన్ల డిక్లరేషన్‌లో మూడు చుక్కల చోట ఏ టైపు వస్తుందో రాసి ఉండదు. అందుకే అక్కడికి వెళ్లే ఫ్లోట్‌ని (రస్ట్‌లో ఎఫ్32) సీ కంపైలర్ డబుల్‌గా (ఎఫ్64), చార్, షార్ట్ అనే చిన్న పూర్ణాంకాలను ఇంట్‌గా పెంచేస్తుంది. ప్రింట్‌ఎఫ్ కూడా ఆ లెక్కనే చదువుకుంటుంది. రస్ట్ తనంతట తాను మార్చదు, ఎర్రర్ ఇస్తుంది. అదే నయం.

పలాస జీడిపప్పు బిల్లులో 2.5 కిలోల తూకం ఎఫ్32లో ఉందనుకోండి. 'తూకం యాజ్ ఎఫ్64' అని పంపితే సరిపోతుంది, విలువేమీ తగ్గదు.

కంపైల్ అయిందంటే అంతా సేఫ్ అని చాలామంది పొరబడతారు. ఏ విలువను ఎలా ముద్రించాలో ప్రింట్‌ఎఫ్‌కి చెప్పే ఫార్మాట్ స్ట్రింగ్‌ని రస్ట్ చూడనే చూడదు. అందులో దశాంశ సంఖ్యకు గుర్తైన పర్సెంట్ ఎఫ్ ఉన్నచోట పూర్ణాంకమైన ఐ32 పంపినా కంపైల్ అయిపోతుంది. ఆ తర్వాత బిల్లులో ఏ అంకె పడుతుందో ఎవరూ చెప్పలేరు.