నిలువు గీత చుట్టూ ఖాళీ ఎందుకు కుదరడం లేదు?

నమస్కారం మాస్టారూ. గుణుపురంలో ప్లస్ టూ పిల్లల కోసం లేటెక్‌లో (ఆదేశాలు టైపు చేస్తే గణితాన్ని అచ్చుకు అమర్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో) అభ్యాస పత్రాలు తయారు చేస్తున్నాననీ, పరమ మూల్యానికీ, భాజ్యతకూ, సమితిని నిర్మాణ రూపంలో వ్రాయడానికీ కీబోర్డు మీది ఒకే నిలువు గీతను వాడుతున్నాననీ, ఆ గీత పక్కన ఒకచోట ఖాళీ ఎక్కువై మరొకచోట బొత్తిగా లేకుండా పోతున్నదనీ, స్పేస్ బార్ ఎన్నిసార్లు నొక్కినా మార్పు రావడం లేదనీ మీరు అడిగారు. స్పేస్ బార్ పనిచేయకపోవడం మీ పొరపాటు కాదు. సూత్రం లోపల మనం టైపు చేసిన ఖాళీలను, లేటెక్‌కు ఆధారంగా లోపల పనిచేసే టెక్ అనే ప్రోగ్రాం లెక్కలోకే తీసుకోదు. ప్రతి గుర్తూ ఏ తరగతికి చెందినదో చూసి, పక్కపక్కన పడిన రెండు గుర్తుల తరగతులను బట్టి వాటి నడుమ ఎంత చోటు వదలాలో అదే నిర్ణయిస్తుంది. కాబట్టి మీరు ముందుగా గుర్తును మార్చండి. ఖాళీ చాలావరకు దానంతట అదే కుదురుతుంది.

డొనాల్డ్ నూత్ అనే అమెరికన్ గణిత, కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 1977లో తన పుస్తకం రెండో సంపుటం కొత్త కూర్పుకు వచ్చిన ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, టెక్ నిర్మాణానికి పూనుకున్నాడు. పాత కంపోజిటర్లు చేతి అలవాటుగా పాటించిన ఖాళీల పద్ధతిని అతడు నియమాలుగా మార్చి అందులో పెట్టాడు. అక్షరాలు, అంకెలు మామూలు రాశులు. కూడిక, తీసివేత వంటివి రెండు రాశుల నడుమ నిలిచే ప్రక్రియా గుర్తులు. సమానం, తక్కువ, ఎక్కువ వంటివి సంబంధాలు. తెరిచే బ్రాకెట్టు ఒక తరగతి, మూసే బ్రాకెట్టు మరొక తరగతి. కామాది విరామ చిహ్నాల తరగతి. ఒక ‘ఎమ్’ను, అంటే దాదాపుగా ఫాంటు సైజంత వెడల్పును, 18 భాగాలు చేస్తే ప్రక్రియా గుర్తుకు ఇరువైపులా 4 భాగాలు, సంబంధానికి ఇరువైపులా 5 భాగాలు, కామా తరువాత 3 భాగాల చోటు పడుతుంది. ఘాతాలలో, పాదాంకాలలో ఈ ఖాళీలన్నీ పోయి గుర్తులు దగ్గరగా చేరతాయి. మీ నిలువు గీత ఈ పట్టికలో ఎక్కడ పడుతుందన్నదే అసలు చిక్కు. ఆ గీత తెరిచేదో మూసేదో చూపుతో చెప్పలేము గనుక, టెక్ దానిని అక్షరంతో సమానమైన మామూలు రాశిగా తీసుకుంటుంది.

దీనివల్ల ఏమి జరుగుతుందో నాకు అనుభవంలోకి వచ్చిన తీరు చెబుతాను. నేను పర్లాకిమిడిలో గణితం ట్యూషన్ చెబుతాను. నా దగ్గరకు ఊళ్ళో ప్లస్ టూ చదివే పిల్లలూ వస్తారు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి ఇంటర్ చదివే పిల్లలూ వస్తారు. అందువల్ల ఒకే అభ్యాస పత్రాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ తయారు చేయవలసి ఉంటుంది. మూడింటికీ సూత్రాలు ఒకటే, చుట్టూ ఉన్న వాక్యాలు మాత్రమే మారతాయి. మొదట్లో పరమ మూల్యాన్ని నేనూ మీలాగే కీబోర్డు గీతతోనే కొట్టాను. మైనస్ ఏడు పరమ మూల్యం అచ్చులో | − 7| అని వచ్చింది. గీత మామూలు రాశి, ఏడు మామూలు రాశి, ఆ రెండింటి నడుమ తీసివేత గుర్తు ఉన్నది గనుక, ఇది గీతలోంచి ఏడును తీసివేయడమని టెక్ అర్థం చేసుకుని మైనస్‌కు రెండు వైపులా చోటు వదిలింది. బ్రాకెట్టు తెరిచిన వెంటనే మైనస్ వస్తే అది ఋణ సంఖ్య గుర్తని టెక్‌కు తెలుసు. ఇక్కడ తెరిచిన బ్రాకెట్టు ఏదీ దానికి కనబడలేదు.

నేను కారణం వెదకకుండా, మైనస్ తరువాత వెనక్కి జరిపే సన్నని ఖాళీ ఒకటి పెట్టి చూపుకు సరిచేశాను. తెలుగు పత్రం చక్కగానే వచ్చింది. మూడు పత్రాలనూ బరంపురంలో ఒక ప్రెస్సుకు పంపి అచ్చు వేయించి పిల్లలకు పంచాను. మరునాడు ఒడియా మాధ్యమంలో చదివే అమ్మాయి ఒకతె వచ్చి, “మాస్టారూ, ఇక్కడ ఒక అంకె ఎగిరిపోయింది” అని చూపించింది. రెండు కాలమ్‌లుగా అమర్చిన ఆ పేజీలో ఒక వరుస చివర |− అనీ, తరువాతి వరుస మొదట 7| + 2 అనీ పడి ఉన్నది. తీసివేత గుర్తు తరువాత వరుసను విరిచే హక్కు టెక్‌కు ఉంది. ఇరుకైన కాలమ్‌లో పొడుగు మాటలు పడినప్పుడు అది ఆ హక్కును వాడుకుంటుంది. తెలుగు వాక్యం పొడవు వేరు, ఒడియా వాక్యం పొడవు వేరు గనుక తెలుగులో వరుస మధ్యలో పడిన సూత్రం ఒడియాలో వరుస చివరికి చేరి విరిగింది. నేను జరిపిన ఖాళీ కంటికి కనబడే దూరాన్ని తగ్గించిందే తప్ప, ఆ మైనస్ తీసివేత గుర్తేనన్న టెక్ లెక్కను మార్చలేదు. 9 అని జవాబు వ్రాయవలసిన ప్రశ్నను చాలామంది వదిలేశారు. వాళ్ళకు తెలియక వదిలేసింది కాదు, నా పత్రం వాళ్ళను తప్పుదారి పట్టించింది. ఆ బాధతోనే కూర్చుని ఈ విషయం మొదటినుంచి నేర్చుకున్నాను.

ఇప్పుడు మీ మూడు గీతల సంగతి. పరమ మూల్యానికి ‘ఏఎంఎస్‌మ్యాత్’ అనే అదనపు గణిత ఆదేశాల ప్యాకేజీలో ఎడమ గీతకు ‘ఎల్‌వెర్ట్’, కుడి గీతకు ‘ఆర్‌వెర్ట్’ అనే ఆదేశాలు (బ్యాక్‌స్లాష్‌తో మొదలుపెట్టి టైపు చేసే మాటలు) ఉన్నాయి. ఆకారం అదే గీత, కాని మొదటిది తెరిచేదిగా, రెండవది మూసేదిగా లెక్కకు వస్తుంది. మైనస్ ఏడుకు అతుక్కుంటుంది, వరుస అక్కడ విరగదు. ‘3, 12ను నిశ్శేషంగా భాగిస్తుంది’ అని వ్రాయవలసి వస్తే ‘మిడ్’ వాడండి. అది సంబంధాల తరగతికి చెందినది గనుక సమాన చిహ్నానికి వచ్చినంత చోటే దానికీ ఇరువైపులా వస్తుంది. ఆ చోటు లేకపోతే 3|12 అన్నది పిల్లల కంటికి మూడంకెల మధ్య ఒకటిగానో, కొట్టివేతగానో కనిపిస్తుంది. భాగించదు అని చెప్పడానికి ‘ఎన్‌మిడ్’ ఉన్నది. ‘మిడ్’ ముందు ‘నాట్’ పెట్టి గీత మీద గీత కొట్టించవద్దు, అది వంకరగా పడుతుంది. సమితి నిర్మాణ రూపంలో ‘అయ్యేటట్లు’ అనే అర్థంలో వచ్చే గీతకూ, సంభావ్యతలో షరతును తెలిపే గీతకూ ‘మిడ్’ సరిపోతుంది. ‘లెఫ్ట్’, ‘రైట్’ అనే జంటను మాత్రం ఆచితూచి వాడండి. లోపల ఎత్తైన భిన్నం ఉన్నప్పుడు గీతలు సాగడానికి అవి అవసరమే. అయితే వాటి నడుమ ఉన్నదంతా ఒక ప్రత్యేక ముద్దగా తయారై, పక్కన ఉన్న రాశికి దూరంగా జరుగుతుంది. అలవాటుగా ప్రతి బ్రాకెట్టుకూ వాటిని తగిలిస్తే సైన్, లాగ్ వంటి వాటి తరువాత అక్కరలేని సందు పడుతుంది.

రెండు చుక్కల గుర్తు విషయంలోనూ ఇదే తేడా. 3 : 5 అనే నిష్పత్తిలో అది సంబంధం, కీబోర్డు మీది గుర్తును అలాగే కొడితే రెండు వైపులా సమానంగా చోటు వస్తుంది. ఒక సమితి నుంచి మరొక సమితికి పోయే ప్రమేయాన్ని చెప్పేటప్పుడు ప్రమేయం పేరు తరువాత వచ్చే రెండు చుక్కలు విరామ చిహ్నం వంటివి. అక్కడ ‘కోలన్’ అని ఆదేశం వ్రాస్తే పేరుకు దగ్గరగా, తరువాతి దానికి కొంచెం దూరంగా నిలుస్తాయి.

మన లెక్కలకు మరీ ముఖ్యమైనది కామా. లక్షను సూత్రంలో 1,00,000 అని కొడితే అచ్చులో 1, 00, 000 అని విడివిడిగా వస్తుంది, ఎందుకంటే కామా తరువాత చోటు వదలడం టెక్ నియమం. నిరూపకాలకూ సమితి మూలకాలకూ ఆ నియమం సరైనదే. ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య మూలకాలతో పాటు లక్ష కూడా ఉంటే మాత్రం మూడు మూలకాలు అదనంగా ఉన్నాయో, ఒకే సంఖ్య ఉన్నదో చదివేవారు తేల్చుకోలేరు. ఆ కామాను విడిగా ఒక జత ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టి టైపు చేయండి; అప్పుడది మామూలు రాశిగా మారి అంకెలకు అతుక్కుంటుంది. ఫ్లవర్ బ్రాకెట్లు అచ్చులో కనబడవు. దశాంశ బిందువును మన పిల్లలు చాలామంది చేతివ్రాతలో వరుస మధ్యన పెడతారు; దానిని చూసి ‘సీడాట్’ ఆదేశం వాడితే 3 · 14 అని చుక్కకు ఇరువైపులా చోటు వచ్చి, పధ్నాలుగు మూళ్ళు నలభై రెండు అనే గుణకారంగా చదువుకునే ప్రమాదం ఉన్నది. దశాంశానికి కింది చుక్కనే కొట్టండి.

మూడు చుక్కల్లో కామాల నడుమ వచ్చేవి కింది గీత మీద ఉండాలి, కూడికల నడుమ వచ్చేవి మధ్య ఎత్తులో ఉండాలి. సైన్, కాస్ వంటి వాటిని ఆదేశాలుగానే వ్రాయండి; ఊరికే అక్షరాలు కొడితే మూడు చరరాశుల లబ్ధంగా వాలుతూ పడతాయి.

చేత్తో ఖాళీ పెట్టవలసిన చోటు నిజంగా ఒకటుంది. సమాకలనంలో చివరన వచ్చే ‘డీ ఎక్స్’ ముందు సన్నని ఖాళీ కావాలి. ఆ ‘డీ’ అవకలాన్ని తెలిపేదో, మామూలు చరరాశో టెక్‌కు తెలిసే వీలు లేదు గనుక, బ్యాక్‌స్లాష్ పక్కన కామా కొట్టి ఆ 3 భాగాల చోటును మనమే ఇవ్వాలి. ఆ ‘డీ’ని నిటారుగా వేయాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 80000-2 చెబుతుంది, గణిత పుస్తకాలు చాలావరకు వాలుగానే వేస్తాయి. రెండింటిలో ఏదైనా సరే, మూడు భాషల పత్రాలలోనూ ఒకే తీరుగా ఉండాలన్నది నా పట్టుదల.

ఒకదానినొకటి పోలిన గుర్తుల విషయంలో నేను పిల్లల పక్షాన కొంత గట్టిగా మాట్లాడతాను. ‘సభ్యత్వం’ చెప్పే ∈ గుర్తును 1889లో ఇటలీ గణితజ్ఞుడు పెయానో ప్రవేశపెట్టినప్పుడు అది గ్రీకు ఎప్సిలాన్ అక్షరమే అయినా, ఈనాడు అది సంబంధ చిహ్నం. దాని బదులు ఎప్సిలాన్ కొడితే ఇరువైపులా చోటు లేక మూడు అక్షరాల లబ్ధంలా కనబడుతుంది. శూన్య సమితికి మన తరగతి గదుల్లో ‘ఫై’ అని వ్రాయడం, చదవడం వాడుక. ∅ అనే గుర్తు నిజానికి గ్రీకు ‘ఫై’ కాదు. బూర్బాకీ పేరుతో కలిసి వ్రాసిన ఫ్రెంచి గణితజ్ఞుల బృందం దానిని 1939లో వాడుకలోకి తెచ్చింది. వారిలో ఒకడైన ఆంద్రే వేయ్ దానిని నార్వే భాష అక్షరం నుంచి తీసుకున్నానని చెప్పాడు. 1930 నుంచి 1932 వరకు అలీగఢ్‌లో గణితం బోధించిన వేయ్ ఆయనే. కోణాన్నో, ప్రమేయాన్నో ‘ఫై’ అంటూ అదే పేజీలో శూన్య సమితిని కూడా ‘ఫై’ అనడం పిల్లవాడికి అన్యాయం. ‘ఎంప్టీసెట్’ అనే ఆదేశం ఉన్నది, దానినే వాడండి.

తెలుగు లిపి తెచ్చే చిక్కులు రెండున్నాయి. లేటెక్ నేర్చుకోకముందు నేను ఒక డీటీపీ కేంద్రంలో పత్రాలు కొట్టించేవాడిని. అక్కడ యూనికోడ్ కాని పాత ఫాంటులో డిగ్రీ గుర్తుకు బదులు తెలుగు సున్నను (‘అం’లో వచ్చే పూర్ణానుస్వారాన్ని) పైకి జరిపి పెట్టారు. 30 డిగ్రీలు అచ్చులో బాగానే కనిపించింది. ఆ పాఠాన్ని తరువాత యూనికోడ్‌కు మార్చినప్పుడు, సున్న ఒంటరిగా నిలవలేని గుర్తు గనుక ప్రతి కోణం పక్కనా చుక్కల వలయం ఒకటి వెలిసింది. లేటెక్ సూత్రంలో డిగ్రీని ‘సర్క్’ ఆదేశాన్ని ఘాతంగా పెట్టి వ్రాస్తారు. సూత్రం మధ్యలో ‘అయితే’, ‘మరియు’ వంటి తెలుగు మాటలు రావలసి వస్తే వాటిని ‘టెక్స్ట్’ ఆదేశం లోపల, ముందూ వెనకా ఖాళీతో సహా వ్రాయాలి. ఇందుకు లేటెక్‌లోనే యూనికోడ్ ఫాంట్లను నేరుగా చదివే రకమైన జీలేటెక్ తీసుకోండి.

రెండవది వత్తులది. తెలుగు అక్షరం కింద వత్తు, పైన గుడి ఉంటాయి. వరుస నడుమ నిలువు భిన్నం వేస్తే దాని హారం కింది వరుసలోని గుడులకు తగులుతుంది, లవం పై వరుసలోని ‘క్ష్మ’ వంటి అక్షరాల వత్తులకు తగులుతుంది. అప్పుడు టెక్ ఆ ఒక్క వరుసనే దూరం జరుపుతుంది, పేజీ అంతా ఎగుడుదిగుడుగా తయారవుతుంది. నేను తెలుగు పత్రాలకు వరుసల మధ్య దూరాన్ని నిర్ణయించే ‘బేస్‌లైన్‌స్ట్రెచ్’ విలువను 1.3కు పెంచి, వాక్యం లోపలి భిన్నాలను ఏటవాలు గీతతో ఒకే వరుసలో వ్రాసి, నిలువు భిన్నాలను విడి వరుసలో నిలబెట్టిన సూత్రాలకే ఉంచాను. ఒడియా పత్రానికీ ఇదే కొలత సరిపోయింది. ఇంగ్లీషు పత్రానికి మామూలు కొలతే ఉంచుకోవచ్చు.