పాఠకుల ప్రశ్నలు – జవాబులు: డెక్కు మీద పనిచేసినవారి సమ్మేళనం

నౌకాదళ విమాన విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దల ఆత్మీయ సమ్మేళనాల గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాశాను. నేనూ ఆ విభాగంలోనే జీతం తీసుకున్నవాణ్ణి కనుక, వచ్చిన ఉత్తరాలను పక్కన పెట్టలేకపోయాను. అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 79 ఏళ్ళు. 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ మీద సీహాక్ యుద్ధ విమానాల మెకానిక్‌గా ఉన్నారు. వచ్చే నెల జరిగే సమ్మేళనానికి పిలుపు వస్తే, ‘‘అది పైలట్ల పండుగ, పానాలు పట్టుకున్నవాడికి అక్కడేం పని’’ అంటున్నారు. బలవంతంగానైనా పంపమంటారా? – గాజువాక నుంచి ఒక కుమార్తె

జవాబు: పంపండి. అయితే బలవంతం చేయవద్దు. ఆయన ఆ మాట ఎందుకు అన్నారో ముందు మీరు అర్థం చేసుకోవాలి.

1971 డిసెంబరు 4 ఉదయం విక్రాంత్ మీది నుంచి లేచిన సీహాక్ విమానాలు నేటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయని, ఆ తర్వాత చిట్టగాంగ్ రేవు వంతు వచ్చిందని, జలాంతర్గాములను వెతికే ఆలీజ్ విమానాలు రాత్రివేళల్లో కూడా వెళ్ళాయని ఏ సమ్మేళనంలోనైనా వేదిక మీద చెబుతారు. ఓడ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్, సీహాక్ స్క్వాడ్రన్ నాయకుడు సంతోష్ కుమార్ గుప్తా మహావీర చక్రాలు అందుకున్న సంగతీ చెబుతారు, అది న్యాయమే. వేదిక మీద అంతగా వినబడని సంగతి ఇంకొకటి ఉంది. ఆ యుద్ధానికి విక్రాంత్ కుంటుకుంటూ వెళ్ళింది. ఓడకున్న నాలుగు బాయిలర్లలో ఒకటి పగులు వల్ల పనిచేయడం లేదు, అందువల్ల వేగం బాగా తగ్గించి నడపవలసి వచ్చింది. విమానాలు మోసే ఓడకు వేగం తగ్గితే ఆలస్యంగా చేరుతుందన్నంత చిన్న సంగతి కాదది. ఓడ వేగమూ ఎదురుగాలి వేగమూ కలిస్తేనే డెక్కు మీది విమానం రెక్కల కింద చాలినంత గాలి ఆడుతుంది. ఓడ నెమ్మదించే కొద్దీ, విమానాన్ని ముందుకు విసిరే క్యాటపల్ట్‌కు అందించే ఆవిరి దగ్గర నుంచి విమానానికి తగిలించే బాంబుల బరువు దాకా ప్రతి లెక్కా బిగుసుకుంటుంది. గాలి పడిపోయిన పూట ఇంజను పూర్తి శక్తి ఇవ్వకపోతే, ఎగిరినవాడు నేరుగా నీళ్ళలోకే వెళతాడు.

ఆ ఇంజను పూర్తి శక్తి ఇస్తుందని కాగితం మీద సంతకం పెట్టినవారు మీ నాన్నగారిలాంటివారే. విమానం దిగి, దాన్ని ఆపే ఆరెస్టర్ తీగ దాని కొక్కేన్ని పట్టుకోగానే పరుగున వెళ్ళి విడిపించడం, రెక్కలు మడిచి లిఫ్టులో హ్యాంగరుకు దించడం, విమాన విధ్వంసక తుపాకుల దెబ్బలు తగిలిన చోట రేకు అతికించడం, నూనె నింపడం, తుపాకులకు తూటాల పట్టీలు ఎక్కించడం, మళ్ళీ పైకి తెచ్చి చక్రాలకు దుంగలు పెట్టడం, ఇదంతా ఊగే ఓడ మీద, పక్క విమానం ప్రొపెల్లర్ తిరుగుతూ ఉండగా చేసేవారు. డెక్కు మీద వెనక్కి ఒక్క అడుగు తప్పుగా వేస్తే ఏమవుతుందో మీ నాన్నగారిని అడగండి. ఇంట్లో ఇప్పటికీ వెనక్కి నడిచేటప్పుడు ఒకసారి తల తిప్పి చూసుకుంటారేమో గమనించండి.

సమ్మేళనాలు పైలట్ల పండుగలుగా మారుతున్నాయన్న ఆయన ఫిర్యాదులో నిజముంది. వేదిక మీద కుర్చీలు హోదా ప్రకారం వేస్తారు, అధికారుల కింది హోదావారైన చీఫ్‌లూ పెట్టీ ఆఫీసర్లూ చివరి వరుసల్లో తేలతారు. నిర్వాహకులకు ఫోను చేసి, బల్లలను హోదా ప్రకారం కాక ఏ విమానం మీద ఎవరు పనిచేశారన్న లెక్కన సర్దమని అడగండి. ఇక మీ నాన్నగారితో మీరు వాదించకుండా, ఆయన బ్యాచ్‌వాడు ఒకరిని వెతికి పట్టుకొని ఆయనతో ఫోను చేయించండి. కూతురు చెబితే వినని మాట బ్యాచ్‌వాడు రెండు తిట్లు తిట్టి చెబితే వింటారు.

ప్రశ్న: సముద్రం మీద గస్తీ తిరిగే టీయూ-142 విమానాల మీద పనిచేసిన మా మామగారి స్నేహితులు నలభై మంది దాకా విశాఖపట్నంలో కలుసుకోవాలనుకుంటున్నారు. ఏర్పాట్లు నాకు అప్పగించారు. కల్యాణ మండపం, సౌండ్ సిస్టం, పాటల ట్రూపు, అందరికీ శాలువాలు అనుకున్నాను. ఇంకేమైనా కావాలా? – హైదరాబాదు నుంచి ఒక అల్లుడు

జవాబు: కావలసినవి చెప్పేముందు, వద్దనవలసినవి మూడు ఉన్నాయి. మండపం వద్దు, సౌండ్ సిస్టం వద్దు, ట్రూపు అసలే వద్దు. శాలువాలు మీ ఇష్టం. అయితే నలభై శాలువాలు కప్పి నలభై ఫొటోలు తీసేసరికి భోజనాల వేళ అవుతుందని, వచ్చినవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే బస్సు ఎక్కుతారని మాత్రం గుర్తుంచుకోండి.

నా అభ్యంతరం చెవుల గురించి. టీయూ-142కు నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే ప్రొపెల్లర్లు రెండేసి ఉంటాయి. ప్రొపెల్లర్లతో ఎగిరే విమానాల్లో అంత మోత చేసేవి అరుదు. అందులో గంటల తరబడి సముద్రం మీద తిరిగినవారికీ, రన్‌వే పక్కన దాన్ని స్టార్టు చేయించినవారికీ, వయసుతో వచ్చే చెవుడుకు చాలా ముందే వినికిడి దెబ్బతిని ఉంటుంది. ఆ దెబ్బ మొదట సన్నని ధ్వనులకు తగులుతుంది. అచ్చులు వినబడతాయి కానీ స, శ, త, క వంటి హల్లులు జారిపోతాయి, అందుకే ‘‘వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు’’ అంటారు. అటువంటి చెవులకు ప్రతిధ్వనించే హాలులో సౌండ్ బాక్సుల మోత శిక్షతో సమానం. చెవి మిషను పెట్టుకున్నవారికి మరీ కష్టం, ఎందుకంటే అది మాటతోపాటు మోతను కూడా పెంచుతుంది. ఇటువంటి హాలులో ఒక పూటంతా చిరునవ్వుతో తలాడిస్తూ కూర్చొని, ఇంటికి వెళ్ళాక ‘‘ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క తెలియలేదు’’ అన్న పెద్దమనిషిని నేనెరుగుదును.

కాబట్టి ఆరేసి మంది కూర్చునే గుండ్రని బల్లలు వేయించండి, మాట్లాడేవారి ముఖం మీద వెలుతురు పడేలా కిటికీల వైపు చూసి సర్దండి, పైన ఫ్యాన్ల చప్పుడు తక్కువగా ఉండే చోటు చూడండి. ప్రసంగం ఉండి తీరాలంటే ఒక్కటే, అదీ పది నిమిషాలే. దాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి ముందే అందరి చేతికీ ఇవ్వండి.

చోటు విషయంలో మీకు అదృష్టం ఉంది. 1988లో వచ్చిన ఆ విమానాలు మొదట గోవాలో, 1992 నుంచి అరక్కోణంలోని రాజాలి స్థావరంలో ఉండి, 2017 మార్చి 29న సేవ ముగించాయి. వాటిలో ఒకటి విశాఖలోని నౌకాదళ విమాన స్థావరానికి ఎగిరి వచ్చింది (ఆ స్థావరం పేరు డేగ, మన తెలుగు మాటే). తర్వాత దాన్ని విడదీసి బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్ళీ కూర్చారు, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. మీ వాళ్ళను ముందు అక్కడికే తీసుకువెళ్ళండి. ఉదయపు ఎండ ముదరకముందే వెళ్ళడానికి వీలవుతుందేమో మ్యూజియం వేళలు ముందుగా కనుక్కోండి, మెట్లు ఎక్కలేనివారికి విమానం నీడలో కుర్చీలు వేయించండి. డిసెంబరు 4 చుట్టుపక్కల రోజులు మాత్రం ఎంచుకోవద్దు. నౌకాదళ దినోత్సవ విన్యాసాలు విశాఖలో జరిగే ఏడాది బీచ్ రోడ్డు మీద కారు కదలదు.

విమానం పక్కకు చేరాక మీరు కాస్త దూరంగా నిలబడండి. అటువంటి సందర్భంలో నేను చూసినది ఒకటి చెబుతాను. డెక్కు మీద విమానాలను నడిపించిన ఒక పెద్దాయన, చక్రాల కుర్చీలో వస్తున్న తన స్నేహితుడికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి మోచేతుల దగ్గర ముందుకూ వెనక్కూ ఊపుతూ ‘రా, రా’ అని సైగ చేశాడు. కుర్చీ తోస్తున్న మనవడికి అర్థం కాలేదు గానీ కుర్చీలో ఉన్నాయనకు అర్థమైంది, తానే చక్రాలు తిప్పుకుంటూ వచ్చాడు. అడుగు దూరంలోకి రాగానే మొదటాయన తల మీద చేతులు అడ్డంగా కత్తెర వేశాడు, కుర్చీ ఆగింది. ఇద్దరికీ చెవులు వినబడవు, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

ప్రశ్న: మా తాతగారు నౌకాదళ విమానంలో ‘అబ్జర్వర్’ అట. అంటే కిటికీలోంచి చూస్తూ కూర్చోవడమేనా? – గుంటూరు నుంచి ఒక విద్యార్థి

జవాబు: తాతగారి ముందు ఈ ప్రశ్న వేయకుండా నాకు రాయడం మంచిదైంది. దారి లెక్క కట్టడం, రాడార్ చూడడం, నీటిలో జారవిడిచిన సోనోబోయ్‌ల (నీటి అడుగు చప్పుళ్ళు విని పంపే పరికరాల) ద్వారా జలాంతర్గామి జాడ పట్టడం, దాడి చేయాలంటే ఎక్కడ, ఎప్పుడన్నది చెప్పడం అబ్జర్వర్ పని. పైలట్‌కు విమానం సంగతి తెలుసు, ఆ విమానం అక్కడికి ఎందుకు వెళ్ళిందన్నది అబ్జర్వర్ చేతిలో ఉంటుంది. ఆలీజ్‌లో ముగ్గురు కూర్చునేవారు, వారిలో పైలట్ ఒక్కడే.

ప్రశ్న: మా పెదనాన్నగారు గోవాలో ఐఎల్-38 గస్తీ విమానాల స్క్వాడ్రన్‌లో పనిచేశారు. అక్టోబరు నెల వచ్చిందంటే ఎవరితోనూ సరిగా మాట్లాడరు. సమ్మేళనంలో చనిపోయినవారి ప్రస్తావన తేకుండా ఉంటే మంచిదేమో కదా? – రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కాదు. ఆ స్క్వాడ్రన్ 1977 అక్టోబరు 1న మొదలైంది. సరిగ్గా 25 ఏళ్ళకు, 2002 అక్టోబరు 1న, రజతోత్సవం నాడు జతగా ఎగురుతున్న రెండు ఐఎల్-38 విమానాలు గోవా ఆకాశంలో ఢీకొన్నాయి. వాటిలో ఉన్న 12 మందీ చనిపోయారు, కింద నేల మీద ఉన్నవారిలోనూ కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ విమానాలు 2023 దాకా సేవలో ఉన్నాయి గానీ, ఆ రోజు ఉత్సవానికి వచ్చినవారికి ఆ తేదీ పుట్టినరోజూ వర్ధంతీ రెండూ అయింది. మీ పెదనాన్నగారి మౌనానికి అదే కారణం అయి ఉండవచ్చు.

ప్రస్తావన తేకపోతే బాధ పోదు, ప్రతి ఒక్కరూ దాన్ని ఒంటరిగా మోస్తారు. పైగా సముద్రం మీద పనిచేసేవారి మరణాలకు ఒక ప్రత్యేకత ఉంది. 1971 డిసెంబరు 10న తిరిగి రాని ఆలీజ్‌లోని ముగ్గురి విషయంలో జరిగినట్టు, గోదావరిలో కలపడానికి అస్థికలు కూడా ఇంటికి చేరని సందర్భాలు ఉంటాయి. అటువంటి చోట పేరు పలకడమే మిగిలిన కర్మ. అందుచేత కార్యక్రమం మొదట్లోనే, కాఫీలకు ముందే పేర్లు చదవండి. ఉపన్యాసం అక్కరలేదు. ఒక్కో పేరు తర్వాత, ఆ మనిషితో కలిసి పనిచేసినవారు ఎవరైనా ఒక్క సంగతి చెప్పనివ్వండి: బాగా పాడేవాడనో, సిగరెట్లు అప్పు తీసుకొని తిరిగి ఇచ్చేవాడు కాదనో. నవ్వు వస్తే నవ్వనివ్వండి. చివర్లో పెడితే మాత్రం అందరూ ఆ బరువుతోనే ఇళ్ళకు వెళతారు.

ప్రశ్న: మావారు పోయి మూడేళ్ళయింది. నాకు 81 ఏళ్ళు. ఆయన స్నేహితులు నన్ను కూడా రమ్మంటున్నారు. ఆయన లేకుండా వెళ్ళడం బాగుంటుందా? – కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వెళ్ళండమ్మా. క్వార్టర్సులో పిల్లల్ని పెంచుతూ, ఓడ ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియకుండా నెలలు గడిపినవారు మీరు, ఆ ఉద్యోగంలో సగం మీరూ చేశారు. అక్కడ మీవారి గురించి మీకు తెలియని సంగతులు చెప్పేవారు కనీసం ఇద్దరైనా ఉంటారు.

మీ వయసు చూశాక ఇంకొక్క మాట చెప్పాలనిపించింది. 80 ఏళ్ళు నిండితే కుటుంబ పింఛన్‌లో మూల మొత్తం మీద 20 శాతం, 85కు 30 శాతం, 90కి 40 శాతం అదనంగా రావాలి. పాత పింఛన్ కాగితాల్లో భార్య పుట్టిన తేదీ రాయకపోవడం వల్లనో, తప్పుగా రాయడం వల్లనో ఈ పెంపు ఆగిపోయినవారిని నేను చూశాను. మా సమ్మేళనంలో ఒకావిడకు ఆ సంగతి పక్కన కూర్చున్నవారు చెప్పేదాకా తెలియదు. మీ పింఛన్ ఉత్తర్వు నకలు, ఆధార్ కార్డు నకలు సంచిలో పెట్టుకొని వెళ్ళండి. లెక్కలు రాసే పనిలో రిటైరైన చీఫ్ ఎవరో ఒకరు ఆ బల్లల దగ్గర తప్పకుండా ఉంటారు, భోజనానికి ముందే ఆయనకు చూపించండి.