పక్షుల లెక్క కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆటపాక పక్షుల కేంద్రం చూసివచ్చినప్పటి నుంచి, పక్షులను లెక్కగట్టే పనిలోకే వెళ్తానంటోంది. దీనితో బతుకు గడుస్తుందా?
– ఒక తండ్రి, కైకలూరు

జవాబు: గడుస్తుందండీ. అయితే డాక్టరు చదువుకు ఉన్నట్టు దీనికి ముందే వేసిన బాట లేదు. మొదటి కొన్నేళ్ళు పరిశోధన సంస్థల్లో గడువుతో ముగిసిపోయే ప్రాజెక్టు ఉద్యోగాలే ఎక్కువగా దొరుకుతాయి.

అమ్మాయి తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ వృత్తిలో పక్షిని గుర్తుపట్టడం సగం పనే. కొల్లేటిలో గూడబాతులు నిజంగా తగ్గాయా, నీటిమట్టం మారి వేరేచోటికి తరలాయా, లేక లెక్కకు వెళ్ళినవారే పొద్దెక్కాక వెళ్ళారా అన్నది తేలాలంటే, ఏటా అదే కాలంలో, అవే చోట్ల, అదే పద్ధతిలో లెక్కించి, ఒక్క పక్షీ కనిపించని రోజున కూడా ‘సున్నా’ అని రాసి ఉండాలి. 1987 నుంచి జనవరి నెలల్లో సాగుతున్న ఆసియా నీటిపక్షుల గణనకు విలువ ఆ క్రమం వల్లనే వచ్చింది. కంటికి చిక్కని పక్షులతో ఇంకా కష్టం. 1986లో కడప జిల్లాలో మళ్ళీ బయటపడిన కలివికోడి రాత్రివేళ తిరిగేది కావడంతో, పరిశోధకులు నేలను మెత్తగా చేసి అడుగుజాడలు వెతికారు, కెమెరాలు అమర్చారు.

ఇక సంఖ్యాశాస్త్రం. 942 జాతులను పరిశీలించిన 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదికకు, 30 వేలమందికి పైగా ఔత్సాహికులు నమోదు చేసిన సుమారు 3 కోట్ల పరిశీలనలు ఆధారం. అంత సమాచారాన్ని జల్లెడపట్టగలవారికే ఈ రంగంలో గిరాకీ. కనుక బీఎస్సీలో జంతుశాస్త్రంతోపాటు స్టాటిస్టిక్స్, కుదరకపోతే విడిగానైనా నేర్చుకోవాలి. (లెక్కలు తప్పించుకోవడానికి బైపీసీ తీసుకున్నవారికి ఇది చేదుమాటే.) తర్వాత వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీకి డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్) ప్రధానమైనవి. సీట్లు కొద్ది, ప్రవేశాలు ఏటా ఉండకపోవచ్చు. ప్రకటనలు గమనిస్తూ ఉండాలి.

ఈలోగా ఆటపాకలో ఒకే గట్టు మీద, వారానికొకసారి, ఉదయం అదే వేళకు నిలబడి ఏడాదిపాటు లెక్క రాయమనండి. డబ్బు కట్టే ఏ కోర్సుకైనా పంపేముందు, ఆ పుస్తకాన్ని మీరిద్దరూ కూర్చుని చూడండి.