గాలం కొనకముందే చేపను చేత్తో పట్టుకోండి

ప్రశ్న: "నాకు ఇరవై ఆరేళ్లు. మాది కర్నూలు. మా తాత వేటకు పోయేవాడని ఇంట్లో చెప్తుంటారు. నాకూ నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు, నా వల్ల అవుతుందా అనే భయం కూడా ఉంది. ధైర్యం ఎలా వస్తుంది?"

మీ తాత పోయిన వేట ఇప్పుడు లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా. మా జేజినాయన కూడా ఉగాది దాటాక పది మందితో, కుక్కలతో గుట్టలెక్కి కుందేళ్లు తెచ్చేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కుందేలైనా, కౌజుపిట్టైనా, జింకైనా సరదాకి చంపితే నేరమే. "మా పొలంలోకే వచ్చింది కదా" అన్నా వినరు. మూడేళ్ల వరకు జైలు ఉంటుంది, కృష్ణజింక లాంటి వాటికైతే అంతకంటే ఎక్కువ. ఈ చట్టం రావడమే మంచిదయిందని నా గట్టి నమ్మకం. మన వైపే ఉన్న రోళ్లపాడు గడ్డి మైదానాల్లో బట్టమేకపిట్ట కోసమని 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడికి పోతే ఆ పిట్ట కనిపిస్తుందని ఎవరైనా మాట ఇవ్వగలరా? ఇంకో పదేళ్లు వేట సాగి ఉంటే కృష్ణజింకలు కూడా మిగిలేవి కావు.

మా వైపు వేట అనే మాట గౌరవంగా బతికున్నది అహోబిలం పారువేటలోనే. సంక్రాంతి తర్వాత నరసింహస్వామి పల్లకి ఎక్కి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి అందరినీ పిలవడానికి వస్తాడని చెప్తారు. చిన్నప్పుడు ఆ పల్లకి మా మేనత్త వాళ్ల ఊరికి వచ్చినప్పుడు చూశాను.

ఇక మీకూ నాకూ మిగిలింది చేపల వేట. అది చిన్న వేట అనుకోకండి. నేను పన్నెండేళ్లకు పైగా చేస్తున్నాను, ఆ అనుభవంతోనే మీ రెండో ప్రశ్నకు జవాబు చెప్తాను. ఎందుకంటే ధైర్యం గురించి అందరూ తప్పుగానే చెప్తున్నారు. "ఓపిక పట్టండి, ఒక్క చేప పడితే ధైర్యం అదే వస్తుంది" అంటారు. నాకు మొదటి చేప పడిన రోజే ఉన్న ధైర్యం కూడా పోయింది.

2012 ఫిబ్రవరి, ఆదివారం. సుంకేసుల బ్యారేజీ కింద తుంగభద్రలో నీళ్లు తగ్గి, బండల మధ్య మడుగులు మిగిలి ఉన్నాయి. అప్పటికి నాలుగు వారాలుగా పోతున్నాను, ఒక్కటీ పడలేదు. ఆ రోజు పొద్దున ఏడు గంటలప్పుడు గాలం దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండు కొంచెం వణికింది, ఆగింది, మళ్లీ పక్కకి నడిచి గబుక్కున మునిగింది. లాగాను. జానెడు జెల్ల. ఒడ్డు మీద పడి కర్ర్ కర్ర్ మని శబ్దం చేస్తోంది. చేప అరుస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఏం చెయ్యాలో తోచక, జారిపోతుందేమోనన్న తొందరలో వీపు మీద నుంచి గట్టిగా పిడికిట పట్టుకున్నాను. దాని పక్క కొమ్ము అరచేతిలోకి, బొటనవేలి కింద దిగిపోయింది.

జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు, మొత్తం మూడు కొమ్ములుంటాయి. భయపడితే వాటిని బిర్రుగా నిలబెట్టేస్తుంది, ఇక ముడుచుకోవు. అంచులకు రంపం పళ్లలా ఉంటాయి కాబట్టి దిగేటప్పటికంటే తీసేటప్పుడు ఎక్కువ చీలుస్తాయి. పైగా విషం. ప్రాణం తీసే విషం కాదు, కానీ రెండు నిమిషాల్లో మోచేయి దాకా సలుపు ఎక్కింది. చేతికి చేప వేలాడుతోంది, చేప నోట్లో గాలం ఉంది, గాలానికి కర్ర ఉంది. నాతో వచ్చిన స్నేహితుడు దగ్గరికి కూడా రాలేదు.

కొంచెం దూరంలో ఒక పెద్దమ్మ చేపలు అమ్ముకుంటోంది. వాళ్లాయన, కొడుకులు రాత్రి వల వేసి తెచ్చినవి. లేచి వచ్చింది.

"ఏమప్పా, కొమ్ము దిగిందా? కదిలించొద్దు. నువ్వు కదిలిస్తే అదీ కదుల్తాది."

తడి గుడ్డ దాని తల మీద కప్పింది. చేప సద్దుమణిగింది. కొమ్ము ఏ దారిన దిగిందో ఆ దారినే నెమ్మదిగా వెనక్కి తీసింది. రక్తం పోనిచ్చి, మంచినీళ్లతో కడిగించి, కొమ్ము ముక్క ఏదైనా లోపల విరిగి ఉందేమో వెలుతురులో చూసింది. తర్వాత టీ బంకు దగ్గరికి తీసుకుపోయి వేడినీళ్లు అడిగింది. "ఓర్చుకోగలిగినంత వేడిలో పెట్టు, చల్లబడితే మళ్లీ పోయించుకో" అంది. అరగంటలో సలుపు సగానికి దిగింది. ఇది నాటు వైద్యం అనుకోకండి. చేప విషం వేడికి విరుగుతుంది. సాయంత్రం టెటనస్ సూది వేసిన డాక్టరు కూడా వేడినీళ్లే మంచి పని అన్నాడు. మీకెప్పుడైనా కుచ్చుకుంటే ముక్క లోపల విరిగిందని అనుమానం ఉన్నా, మర్నాటికి వాపు పెరిగినా ఆస్పత్రికి పోవాల్సిందే.

ఇంతవరకు ఎవరైనా చేసే సాయమే. చెయ్యి కొంచెం తేరుకున్నాక ఆమె చేసిన పని నేను ఎప్పటికీ మరిచిపోలేను. ఆమె దగ్గర రెండు బక్కెట్లు ఉన్నాయి. ఒకదాంట్లో ప్రాణంతో ఉన్న జెల్లలు, ఇరవై పైనే. రెండోది ఖాళీ. సగం నీళ్లు పోసి నా ముందు పెట్టింది.

"ఎడమ చెయ్యి బాగుంది కదా. దీంట్లోవి దాంట్లోకి వెయ్యి."

"వద్దు పెద్దమ్మా, భయమేస్తాంది."

"ఇప్పుడు ఇంటికి పోతే మళ్లీ రావు నాయనా. వెయ్యి."

ఎలాగో చూపించింది. పైనుంచి పట్టకూడదు. చెయ్యి తడుపుకుని, పొట్ట కింద నుంచి అరచెయ్యి పోనివ్వాలి. బొటనవేలు ఒక పక్క కొమ్ముకు వెనకాల, చూపుడువేలు ఇంకో పక్క కొమ్ముకు వెనకాల ఆనించాలి. అప్పుడు అది ఎంత బిర్రబిగిసినా ఆ కొమ్ములే మన వేళ్లకు పట్టు. వీపు కొమ్ము పైకి ఉంటుంది, చేతికి తగలదు. నలపకూడదు, వదులుగానూ ఉండకూడదు.

మొదటిది జారింది. రెండోది జారింది. మూడోదానికి చెయ్యి పెట్టి భయపడి నేనే వెనక్కి తీసుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. గిరాకీ వస్తే తూకం వేసి ఇచ్చి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆరోదో ఏడోదో సరిగ్గా కుదిరింది. వేళ్ల మధ్య అది ఒక్కసారి గట్టిగా కొట్టుకుని ఆగిపోయింది, నా చెయ్యి కూడా వణకడం ఆగింది. ఇరవై దాటాక బక్కెట్లు మార్చి మళ్లీ మొదటి నుంచి వేయించింది. రెండోసారి వేస్తున్నప్పుడు నేను చేప వైపు చూడకుండానే ఆమెతో మాట్లాడుతున్నాను.

తర్వాత గాలం తీయడం చూపించింది. నేరుగా లాగేయకుండా, కొక్కెం దిగిన వంపులోనే వెనక్కి తిప్పాలి. లోపలికి మింగేసి ఉంటే పీకొద్దు, దారం కోసేయాలి. ఇంటికి తీసుకుపోయే చేపైతే కళ్ల వెనకాల, తల మీద రాయితో ఒక్క గట్టి దెబ్బ వెయ్యాలి. "ఇసకలో పడేసి కొట్టుకుని కొట్టుకుని చావనియ్యడం పాపం అప్పా, తినేదానికి అంత కష్టం పెట్టకూడదు" అంది. ఆ రోజు నేను పట్టిన జెల్లకు ఆ దెబ్బ నేనే వేశాను. ఇంటికి తెచ్చి పులుసు పెట్టించాను.

మీ భయం చేప పడదని అనుకుంటున్నారేమో. కొత్తవాళ్లలో నేను చూసింది అది కాదు. పడితే ఏం చెయ్యాలన్నదే లోపలి భయం. అందుకే బెండు మునిగినా సగం మనసుతో లాగుతారు, చేప తప్పించుకుంటే పైకి బాధపడినా లోపల ఊపిరి పీల్చుకుంటారు. నా మొదటి నాలుగు వారాలు అంతే. బక్కెట్ల దగ్గర కూర్చున్న తర్వాతి ఆదివారం మూడు పడ్డాయి. నీళ్లు అవే, ఎర అదే.

ఈ మాట ఏ వీడియోలోనూ చెప్పరు. రాడ్డు, రీలు, రంగురంగుల ప్లాస్టిక్ ఎరలు చూపిస్తారు, చేప పడగానే కెమెరా ముందు నవ్వుతారు. ఆ చేపను గట్టు మీద పడేసి అరగంట అలాగే వదిలేస్తారు. చూస్తే కడుపు మండుతుంది. ఇంకో విషయం, తెగిన నైలాన్ దారం అక్కడే పారేసి పోతారు. పోయిన ఏడాది గాజులదిన్నె ప్రాజెక్టు గట్టు మీద ఒక నీటికాకి రెక్కకూ కాలికీ దారం చుట్టుకుని చచ్చి పడి ఉంది. దారం ముక్క జేబులో పెట్టుకుని ఇంటికి తేవడానికి ఏం కష్టం? తోటాలు పేల్చి, కరెంటు పెట్టి చేపలు పట్టేవాళ్లను నేను వేటగాళ్లలో లెక్కే వెయ్యను. తోటాలు, విషం వాడటం బ్రిటిష్ వాళ్ల 1897 నాటి చట్టంలోనే నేరం. పిల్ల చేపలతో సహా మడుగంతా చస్తుంది.

సామాన్ల సంగతి త్వరగా చెప్తాను. వేలు పోసి రాడ్డు కొనకండి. ఎనిమిదడుగుల వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న కొక్కేలు, సీసం గుండు, బెండుకు ఎండిన జొన్న దంటు లోపలి మెత్తటి ముక్క చాలు. కొక్కెం వెనక ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేయండి. చేప ఒకటి రెండు తప్పించుకోవచ్చు, కానీ గాలం తీయడం సులువు, మీ వేలికి దిగినా బయటికి వస్తుంది. జెల్లకు ఎర్రలు గుచ్చి ఎర అడుగుకు ఆనేలా వెయ్యాలి. రోహుకు, మోసు చేపకు తవుడూ గోధుమపిండీ కలిపిన ముద్ద. నేను సంగటి ముద్ద కూడా వాడతాను, బాగానే తింటాయి. తెల్లవారుజామున లేదా పొద్దు వాలేటప్పుడు, నీటి వేగం తగ్గే చోట కూర్చోండి. తొలకరిలో పొట్ట నిండా జెనతో, అంటే గుడ్లతో, ఉన్నది పడితే దయచేసి వదిలేయండి.

ప్రాజెక్టుల్లో, చెరువుల్లో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలదే. వాళ్లు పిల్లలను వదిలి పెంచుకున్న చేపలవి. అడిగి కూర్చోండి. మర్యాదగా అడిగితే నన్ను కాదన్నవాళ్లు ఇంతవరకు లేరు. కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద మాత్రం మొదట్లో వద్దు. సిమెంటు వాలు నాచు పట్టి ఉంటుంది, కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, నీటి వడి పైకి కనిపించేదానికంటే ఎక్కువ. ఈత వచ్చినవాళ్లే కొట్టుకుపోయారు. బ్యారేజీ కింద కూర్చున్నా గేట్లు ఎత్తుతున్నారా అని ముందే కనుక్కోండి, మడుగుల మధ్య బండ మీదికి ఒంటరిగా పోకండి.

ఈ ఆదివారం గాలం జోలికి పోకండి. పొద్దున్నే చేపల మార్కెట్‌కు పోయి, ప్రాణంతో ఉన్న జెల్లలో కొర్రమీనులో అమ్మేవాళ్ల దగ్గర అర కిలో కొనండి. కొన్నాక అడగండి, "అక్కా, వీటిని ఎట్ల పట్టుకోవాలో చూపిస్తావా" అని. గిరాకీ తగ్గాక, తొమ్మిదిన్నర దాటాక అడిగితే ఇంకా మంచిది. తడి గుడ్డ ఒకటి మీరే తీసుకుపోండి.